ఎనిమిది అంగుళాల కిటికీ

ఫిబ్రవరి 9, ఆదివారం

బండి ఇంటికి వచ్చింది. బండి అనడానికి అందులో ఏముంది గనక? 1931 నాటి ఫోర్డ్ కారు డొక్కు, నాలుగు తలుపులు, మిగతాదంతా తుప్పు. ఇరవై ఏళ్ళుగా మా బావమరిది వర్జిల్ పొలం గట్టున పడి ఉంది. వాళ్ళ కోళ్ళు అందులో గుడ్లు పెట్టేవి. వర్జిల్‌కి నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. ట్రెయిలర్ మీద తెచ్చి గ్యారేజీ ముందు దింపి, "తీసుకో బావా. నాలుగు తలుపుల బండి ఎవడికీ వద్దు. కోళ్ళు కూడా ఖాళీ చేసి పోయాయి" అన్నాడు.

అదీ నిజమే. పాత కార్లని కోసి మార్చి హాట్‌రాడ్‌లు కట్టేవాళ్ళకి రెండు తలుపుల బండి అంటే ప్రాణం, నాలుగు తలుపులంటే చులకన. అందుకే నాకు ఊరికే దొరికింది.

మా ఆవిడ లియోనా వంటింటి గుమ్మంలో నిలబడి, "లోపల గుడ్డేమైనా మిగిలిందేమో చూసుకో" అంది. మిగిలింది కూడా. ఒకటి, నేల రేకు మడతలో, రాయిలా గట్టిపడి.

నవంబరులో పని మానేసినప్పటి నుంచి చేతులు ఊరుకోవడం లేదు. ఈ నోటు పుస్తకం బండి పని రాసుకోవడానికి. ఇంకేమీ రాయను.

ఫిబ్రవరి 11

గ్యారేజీలో బల్బు మార్చాను. పాతది మసకగా ఉంది.

ఫిబ్రవరి 13

కొత్త బల్బు కూడా అంతే. ఈ రోజుల్లో ఏ వస్తువూ సరిగా చెయ్యరు.

ఫిబ్రవరి 21

హేస్ పట్నం వెళ్ళి వచ్చాను. లియోనాతో బోల్టుల కోసమని చెప్పాను. అబద్ధం కాకూడదని బోల్టులు కొన్నాను కూడా.

కళ్ళ డాక్టరమ్మ చిన్నపిల్ల. మా అమ్మాయి కార్లా కన్నా చిన్నది. గళ్ళ కాగితం ఒకటి పెట్టి నడుమనున్న చుక్క చూడమంది. ఏ చుక్క అన్నాను. రాసుకుంది. చుట్టూ గళ్ళన్నీ బాగా కనిపిస్తున్నాయని చెప్పాను. అదీ రాసుకుంది. చూపులో అంచులు ఉంటాయట, నడుమ పోతుందట. రెండు కళ్ళలోనూ. బండి నడపడం గురించి కూడా ఏదో అంది. నేను కోటు తొడుక్కుంటున్నాను, సరిగా వినలేదు.

ముప్పై నాలుగేళ్ళు ధాన్యం గోదాములో లారీల తూకం చదివిన కళ్ళు ఇవి. కోతల రోజుల్లో పొద్దున్నించి పొద్దుగూకేదాకా అంకెలే. ఒక్క రైతు కూడా వెనక్కి వచ్చి తప్పు చదివావనలేదు. చిన్నపిల్లలకి యంత్రం ఏం చెబితే అదే.

లైసెన్సు జూన్ పంతొమ్మిది దాకా ఉంది.

మార్చి 1, శనివారం

అందరూ భోజనానికి వచ్చారు. భోజనం బల్ల మీదే పనులు పంచుకున్నాం. కార్లా రేకు పని, అతుకు పని. నా కూతురని చెప్పడం కాదు గానీ, పొలాలకి నీళ్ళు పారించే గొట్టాలు అతికే షాపులో దానిని మించిన చెయ్యి లేదు. వర్జిల్ వాళ్ళబ్బాయి కిందటేడు పల్టీ కొట్టించిన పికప్‌లోంచి ఇంజను. పాత స్కూలు బస్సు సీట్లు. మీటర్లు గోధుమ కోత యంత్రానివి. సీటు బట్ట కుట్టడం లియోనా. జూలై నాలుగున, స్వాతంత్ర్య దినం నాడు, ఊళ్ళో పరేడ్‌కి బండి తయారవ్వాలి.

కప్పు ఎంత దించాలన్న దగ్గర వాదన మొదలైంది. కప్పుని మోసే స్తంభాలు నడుమ కోసి, ముక్క తీసేసి, కప్పు కిందికి దించి అతికితేనే అది హాట్‌రాడ్. లేకపోతే తాతయ్య చర్చికి వేసుకెళ్ళే బండి.

"బాగున్న కప్పు కోసి పొట్టి చెయ్యడమేమిటి, తర్వాత మెడలు వంచుకుని చూడటమేమిటి? ఇదేం సరదా?" అంది లియోనా.

"అక్కా, నీకు చెప్పినా అర్థం కాదు. నీ బతుకంతా సొట్ట లేని గిన్నెలతో గడిచింది" అన్నాడు వర్జిల్.

"నీ నెత్తిన సొట్ట పడితే అర్థమవుతుందిలే."

తర్వాత నన్ను డొక్కు లోపల బోర్లించిన బకెట్ మీద కూర్చోబెట్టారు. కొలతలన్నీ తోలేవాడి ఒంటిని బట్టే. కార్లా నా కంటి ఎత్తు చూసి, ఎనిమిది అంగుళాల కిటికీ మిగిలితే నాకు సరిగ్గా సరిపోతుందని తేల్చింది. బకెట్ మీద కూర్చున్న ప్రతివాడూ చేసే పని నేనూ చేశాను. లేని చక్రం పట్టుకుని నోటితో ఇంజను చప్పుడు చేశాను. వర్జిల్ వెనక కూర్చుని హారను కొట్టాడు. ఇద్దరికీ కలిపి నూట పద్దెనిమిదేళ్ళు. లియోనా కాఫీ పట్టుకుని వచ్చి మమ్మల్ని చూసి కాఫీతోనే వెనక్కి పోయింది.

మార్చి 8, శనివారం

కోశాం.

మా ఇంటి పద్ధతి ప్రకారం కొలిచే టేపు ఒక్కసారే ముట్టుకోవాలి. కావలసిన పొడవుకి ఒక కర్రపుల్ల కోసుకుని, ఇక అన్ని స్తంభాలకీ ఆ పుల్లే. స్తంభం స్తంభానికీ టేపు పెడితే ఒక్కోసారి ఒక్కో అంకె చెబుతుంది. పుల్ల ఒకటే మాట చెబుతుంది.

పుల్ల మీద గీత నేనే గీశాను. లియోనా టేపు పట్టుకుంది. ఎనిమిది. ఆ పుల్లతో కార్లా అన్ని స్తంభాల మీదా గుర్తులు పెట్టి కోత మిషను అందుకుంది. నిప్పురవ్వలు గ్యారేజీ అంతా ఎగిరాయి. కప్పు విడిపోయాక తలా ఒక మూల పట్టి ఎత్తాం. లియోనా కూడా, వంటింటి చేతి తొడుగులతోనే. ఎందుకో పొద్దున్నించీ మాట్లాడలేదు.

రేపు చర్చి నుంచి వచ్చాక దించడం.

మార్చి 9, ఆదివారం

దించాం. మరీ దిగింది.

వర్జిల్ చుట్టూ తిరిగి, వంగి చూసి, "ఇది బండా బావా, ఉత్తరాలు వేసే డబ్బానా?" అన్నాడు. లోపలికి దూరి బకెట్ మీద కూర్చున్నాను. నా కళ్ళ ఎదురుగా కిటికీ లేదు, రేకు ఉంది. కార్లా టేపు పెట్టింది. ఇంకోసారి పెట్టింది. "ఆరు, నాన్నా" అంది.

"ఆరే. చివర్లో మనసు మార్చుకున్నాను. కాస్త దిగితేనే అందం" అన్నాను.

కార్లా వాళ్ళమ్మ వైపు తిరిగింది. లియోనా చేతులు తుడుచుకుంటూ, "బాగానే ఉంది. దించుదామని మొదలెట్టాక సగంలో ఆగడమెందుకు?" అంది. అంతా తలలూపారు. వర్జిల్ కూడా, వాడి జన్మలో మొదటిసారి, నోరు మూసుకుని ఊపాడు.

టేపు కొక్కెం వదులై ఉంటుంది. పాత టేపు.

మార్చి 10

కొక్కెం చూశాను. గట్టిగానే ఉంది.

మార్చి 11

కొత్త టేపు కొన్నాను.

మార్చి 15, శనివారం

జిల్లాలో ఇంత కిందికి దించిన నాలుగు తలుపుల బండి ఇంకోటి లేదని వర్జిల్ ఊరంతా చాటింపు వేశాడు. గోదాము దగ్గర కుర్రాళ్ళు ఇద్దరు చూడటానికి వచ్చారు. కావాలనే ఇంత దించారా అని అడిగారు. వర్జిల్ ఛాతీ విరిచి, "గుడ్డివాడికైనా తెలుస్తుందిరా, ఇది కావాలని చేసిన పని" అన్నాడు.

అన్న మరుక్షణం ఎందుకో అందరూ ఒక్కసారిగా పనిలో పడ్డారు. కార్లా అరగదీయాల్సింది ఏమీ లేకపోయినా మిషను ఆన్ చేసింది.

ఇక వెనక్కి తగ్గే దారి లేదు. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. మెడ కాస్త వంచి, నడుము జార్చి కూర్చుంటే అంతా కనిపిస్తుంది. దాదాపు అంతా.

మార్చి 29

మెడ నొప్పి. వాతావరణం మారుతోంది.

ఏప్రిల్ 5, శనివారం

వైర్ల పని. ఇది నేను కళ్ళు మూసుకుని చెయ్యగల పని.

లియోనా సీటు బట్ట పక్కన పెట్టి తనే వచ్చి నా పక్కన చతికిలబడింది. అడగలేదు, చెప్పలేదు. తనలో తను మాట్లాడుకుంటున్నట్టు, "ఎరుపు నీ ఎడమ చేతిలో ఉంది. ఆకుపచ్చ నా ఒళ్ళో ఉంది. ఈ పసుపుది దీపాలకా?" అంటూ పోయింది. నేను ఔననో కాదనో అంటూ పోయాను. మధ్యాహ్నానికి ముందు దీపాలు, వెనక దీపాలు, హారను అన్నీ అయిపోయాయి. ఒక్క తప్పు లేదు.

ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో మేమిద్దరం ఇంత దగ్గరగా కూర్చుని ఒక పని చేసింది లేదు. తను చర్చి అల్లికలు, నేను గోదాము. సబ్బు వాసన, తుప్పు వాసన కలిసి వస్తుంటే నాకు చాలా సంతోషంగా ఉంది. రంగులు పైకెందుకు చదువుతున్నావని అడగలేదు. అడిగితే ఆపేస్తుందేమోనని.

ఏప్రిల్ 19, ఈస్టర్ ముందు రోజు

ఇంజను మోగింది!

గడ్డి కోసే మిషను డబ్బాలోంచి పెట్రోలు గొట్టం పెట్టి, వర్జిల్ ఇంజను పైనుంచి రెండు చుక్కలు పోస్తే, నేను తాళం తిప్పాను. రెండుసార్లు దగ్గింది. మూడోసారి అందుకుంది. పొగగొట్టాలు ఇంకా లేవు, చప్పుడుకి గ్యారేజీ గోడ మీద పనిముట్లన్నీ వణికాయి. కార్లా ఎగిరి నా మెడ పట్టుకుంది. వర్జిల్ ఏడ్చాడు. పొగ వల్ల అన్నాడు.

లియోనా బీరాక్‌లు చేసింది. క్యాబేజీ, మాంసం కూరి కాల్చిన ఆ బన్నులు నేను నాలుగు తిన్నాను. ఆవాల ముద్ద అందుకోబోయి కార్లా కాఫీ ఒలకబోశాను. "అమ్మయ్య, చల్లారిపోయింది, ఎలాగూ పారబొయ్యాలనుకున్నా" అంది కార్లా. ఆ కాఫీ మీద పొగ లేస్తూనే ఉంది. నా కంటి అంచుకి కనిపించింది.

మే 10

లైసెన్సు మార్పించుకోమని ఉత్తరం వచ్చింది. ఈ పుస్తకంలో పెట్టాను. ఇంకా నెల పైన ఉంది.

అక్షరాన్ని సూటిగా చూడకుండా కాస్త పైకి చూస్తే అంచున అది కనిపిస్తుంది. వంటింటి క్యాలెండరుతో సాధన చేస్తున్నాను. అది తగిలించిన మేకు చూస్తే తారీకు దొరుకుతుంది. లైసెన్సు ఆఫీసులో కళ్ళు పరీక్షించే యంత్రం ముందు కూర్చున్నప్పుడు చూపు ఎక్కడ పెట్టానో ఎవరికి తెలుస్తుంది?

మే 17

క్యాలెండరు పాఠం బాగా వస్తోంది. లియోనా వచ్చి, "మేకులో ఏముంది అంతగా?" అంది. గోడ వంకరగా ఉందన్నాను.

మే 24, శనివారం

బండి కదిలింది. సీట్లు ఇంకా బిగించలేదు. నేను ఒక చెక్క మీద, వర్జిల్ పక్కన బకెట్ మీద. మా ఇంటి నుంచి పెద్ద రోడ్డు దాకా మట్టిదారి ఉంది కదా, అంతవరకే అనుకున్నాం. కార్లా ఫొటో తీస్తానని ముందుగా నడిచి వెళ్ళింది.

మొదటి గేరు, రెండో గేరు. పూచిన గోధుమ రెండు పక్కలా కనిపిస్తోంది. నేను పాట కూడా ఎత్తుకున్నాను.

"బావా! కార్లా! కార్లా!" అని వర్జిల్ గొంతు చించుకున్నాడు.

కాలు బ్రేకు మీదికి ఎలా వెళ్ళిందో తెలియదు. బండి పక్కకి జారి ఆగింది. దుమ్ములోంచి కార్లా నడిచి వచ్చింది. దారి నడుమ నిలబడిందట. చెయ్యి కూడా ఊపిందట. అది నిలబడ్డ చోటు నుంచి బండి దాకా వర్జిల్ అడుగులు లెక్కపెట్టాడు. ఆరు.

"నువ్వు నా వైపే చూస్తూ వచ్చావు నాన్నా" అంది. కోప్పడలేదు. "నవ్వుతూ వచ్చావు. అందుకే నేను కదల్లేదు."

మే 25

చర్చికి వెళ్ళలేదు.

మే 26

పుల్ల దొరికింది, చెత్తబుట్ట వెనక. బొటనవేలి కణుపులతో కొలిచాను. నా కణుపు అంగుళం, అది ఎప్పటినుంచో తెలుసు. ఆరు కణుపులు. మళ్ళీ కొలిచాను. ఆరు.

టేపుది తప్పు కాదు.

మే 27, మంగళవారం

లియోనా వంటింటి బల్ల మీద పిండి పరిచి సూపులోకి సన్నటి పోగుల్లా కోస్తోంది. ఎదురుగా కూర్చున్నాను. అక్కడిదాకా వెళ్ళడానికి పొద్దున్నుంచి మూడుసార్లు బయల్దేరాను.

"ఆ రోజు ఎనిమిది అనుకుని ఆరు గీశాను" అన్నాను.

కత్తి ఆగలేదు. "తెలుసు."

"ఎప్పటినుంచి?"

"గీసినప్పటినుంచే. టేపు డబ్బా నా చేతిలోనే ఉంది కదా. అంకె నా ముక్కు కిందే ఉంది."

నాకు ఒళ్ళు మండింది. ముందు కోపమే వచ్చింది, అది దాచను. "మరి నోట్లో ఏం పెట్టుకున్నావు? ఒక్క మాట అంటే సరిపోయేది కదా! అంత కప్పూ పాడు చేసుకున్నాం."

అప్పుడు కత్తి ఆపింది. "ఎనిమిది కాదు, ఆరు అంటే, నీకు కళ్ళు కనపడటం లేదని నేను ముందుగా అన్నట్టు. అది నీ నోటి నుంచి రావాలని క్రిస్మస్ నుంచి కాచుకుని ఉన్నాను. కాఫీ కప్పు పక్కన పోస్తుంటే చూశాను. చర్చిలో మా అక్క అనుకుని ఫాదర్‌ని పలకరిస్తే చూశాను. రేకుదేముంది నార్బర్ట్, కార్లా మళ్ళీ అతుకుతుంది. నువ్వు ఆ గ్యారేజీలోంచి లేచి వచ్చి కుర్చీలో కూలబడితే, నిన్ను అతకడం నాకు రాదు."

నేను ఏడ్చాను. తను పిండి చేతులతోనే నా తల దగ్గరికి తీసుకుంది. డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాను. కోటు తొడుక్కుంటూ వినలేదని ఇక్కడ రాసుకున్నాను. విన్నాను. ప్రతి మాటా విన్నాను. ఇక బండి నడపకూడదంది.

"మొన్న కార్లాని..." అన్నాను.

"కార్లా బాగానే ఉంది. ఇప్పుడే ఫోన్ చేసింది. నీ గురించే అడిగింది."

సాయంత్రం కార్లా వచ్చి నా జుట్టులో పిండి చూసి నవ్వింది. తర్వాత నవ్వు ఆపలేక ఏడ్చింది. ఇద్దరం గ్యారేజీలో కూర్చున్నాం. పని ఏమీ చెయ్యలేదు.

జూన్ 7, శనివారం

రెండు అంగుళాలు మళ్ళీ అతికిస్తానని కార్లా రేకు ముక్కలు కోసుకుని వచ్చింది. వద్దన్నాను.

"మెడ విరుచుకుంటావా నాన్నా?"

"నేను కాదు. మీ అమ్మని కూర్చోబెట్టు."

లియోనా ఐదడుగులు కూడా లేదు. గొణుక్కుంటూ ఎక్కి కూర్చుంది. కార్లా వంగి చూసి ఈల వేసింది. కళ్ళు సరిగ్గా కిటికీ నడుమకి వచ్చాయట.

"అక్కకి దర్జీ కుట్టినట్టుంది. ఏం బావా, ఇది కూడా ముందే అనుకున్నావా?" అన్నాడు వర్జిల్.

"ముందే అనుకున్నా" అన్నాను. ఈసారి అందరం నవ్వాం. మూడు నెలలుగా ఆ అబద్ధాన్ని తలా ఒక మూల పట్టి మోస్తున్నాం, ఆ రోజు కప్పు ఎత్తినట్టే. దించేసరికి ప్రాణం తేలికపడింది.

లియోనా దిగబోయింది. "నాకు గేర్లు మార్చడం రాదు. మా నాన్న లారీ తోలడం ఇదిగో మా తమ్ముడు, ఈ మహానుభావుడికి నేర్పాడు, నాకు నూడుల్స్ కొయ్యడం నేర్పాడు."

"నేను నేర్పుతాను" అన్నాను.

"ఎలా?" అంది. అని నాలుక కరుచుకుంది.

"గేరు మార్చేది చెవితో. చెవులు బాగానే ఉన్నాయి."

నా వైపు సీటు కాళ్ళు కోసెయ్యమన్నాను. నేల మీద పరిచినట్టుగా ఉండాలి. తోలనివాడికి రోడ్డు చూసే పనేమిటి, తల తగలకపోతే చాలు. కార్లా కోసేటప్పుడు నేనే పట్టుకున్నాను. కొలత అది చెప్పింది, నేను విన్నాను. ముప్పై అయిదేళ్ళలో దాని కొలత నేను సరిచూడకపోవడం ఇదే మొదలు.

జూన్ 19

నాకు అరవై రెండు నిండాయి. లైసెన్సు ఇచ్చేశాను. బదులుగా ఫొటో ఉన్న కార్డు ఇచ్చారు. ఫొటో తీసేటప్పుడు కెమెరా కనిపించాలంటే పక్క గోడని చూడాలి, గోడనే చూశాను. ఎవరినో దొంగచూపు చూస్తున్నట్టు వచ్చిందట. "ఎవర్తె అది?" అని లియోనా దారంతా వేధించింది.

గేర్లు మార్చే పని లేని మా ఇంటి కారు తను నడుపుతుంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పదహారో ఏట నుంచి చక్రం మీదే ఉన్నాయి కదా. తొడల కింద పెట్టుకున్నాను. ఇల్లు చేరి కేకు కోసేటప్పుడు కూడా బాధ తగ్గలేదు. ఈ బాధ ఇంకా కొన్నాళ్ళు ఉంటుంది. ఉండనీ.

జూన్ 28, శనివారం

వర్జిల్ కోతలు అయిపోయాయి. మోడు పొలంలో పాఠాలు. గుద్దుకోవడానికి ఏమీ లేదు, ఒక్క వర్జిల్ తప్ప. వాడు దూరంగా ట్రాక్టర్ ఎక్కి కూర్చుని, "అక్కా, గేరు అది, పిండి కలిపే గరిటె కాదు!" అని అరుస్తాడు.

"కిందికి దిగు, నిన్నే కలుపుతాను!"

ఇంజను గొంతు పైకి వెళ్ళి ఇక చాలనే చోటు ఒకటుంటుంది. అక్కడ "ఇప్పుడు" అంటాను. తను క్లచ్ తొక్కుతుంది. ముందు పది సార్లు ఆగిపోయింది. మధ్యాహ్నానికి నేను "ఇ" అనేసరికే మార్చేస్తోంది. తర్వాత నేను మానేశాను. తనకే వినిపిస్తోంది. నా అవసరం తీరిందని కాస్త చివుక్కుమంది, కాస్త గర్వంగా కూడా ఉంది. ఏది ఎక్కువో చెప్పలేను.

ఈ పుస్తకంలో నా రాత ఒక వరుస మీద ఇంకో వరుస పడుతోందని అనుమానం. రాసింది నేను చదవలేను కాబట్టి ఎవరికీ బాధ లేదు.

జూలై 4, శుక్రవారం

రాసేది లియోనా. చెప్పేది నార్బర్ట్. భోజనాలయ్యాక ఈ పుస్తకం తెచ్చి నా ముందు పెట్టి, "ఇక నువ్వు రాయి" అన్నాడు. వెనక పేజీలు చదవచ్చా అని అడిగాను. "చదువు. ముందు ఇవాళ్టిది రాసి, అప్పుడు చదువు" అన్నాడు. మొదలుపెడుతున్నాను.

పరేడ్‌లో మాది పదకొండో బండి. ముందు హైస్కూలు బ్యాండు, వెనక వర్జిల్ ట్రాక్టరు. రంగు వెయ్యలేదు, తుప్పు తుడిచి నూనె రాశాం అంతే. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. చర్చి ముందు ఒకసారి బండి ఆగిపోయింది. (రెండుసార్లు. నేను రాస్తున్నప్పుడు ఉన్నదే రాస్తాను.) ఫాదర్ వచ్చి బండి కప్పు మీద పవిత్రజలం చల్లి, ఇంత చిన్న కిటికీలోంచి లోపల ఎవరున్నారో తెలియడం లేదు, ఇద్దరికీ కలిపి దీవెనలన్నాడు. కార్లా పక్కనే నడుస్తూ ఫొటోలు తీసింది. ఈసారి బండి ముందు కాదు, పక్కన.

పరేడ్ అయ్యాక ఇంటికి తిన్నగా రాకుండా గోదాము మీదుగా పెద్ద రోడ్డు ఎక్కాం. మూడో గేరు వేశాను. (గర్రుమనలేదు. గర్రుమందని చెబుతున్నాడు, నేను రాయను.)

ఇక్కడి నుంచి అతను చెప్పింది చెప్పినట్టు.

"నాకు రోడ్డు కనపడలేదు. గోదాము కనపడలేదు. ముప్పై నాలుగేళ్ళు పని చేసిన చోటు, ఎదురుగా ఎంత ఎత్తున ఉంటుంది, అది కూడా పోయింది. దేన్ని సూటిగా చూస్తే అది పోతుంది. కానీ అంచులున్నాయి. రోడ్డు మీద చూపు పెట్టి కదలకుండా కూర్చుంటే ఎడమ అంచున లియోనా ఉంది. గేరు మీద చెయ్యి ఉంది. కింది పెదవి పళ్ళతో పట్టుకుని ఉంది. గాలికి జుట్టు చెవి మీద పడితే భుజంతో తోసుకుంటోంది. అంతా ఉంది. తల తిప్పి ఆమె వైపు చూశానా, పోతుంది. ఒకసారి తిప్పి చూశాను, పోయింది. అందుకని ఇల్లు చేరేదాకా మళ్ళీ తల తిప్పలేదు."

ఇది రాయడానికి నాకు కొంచెం సమయం పట్టింది. దారి పొడుగునా నా వైపు ఒక్కసారి తిరిగి వెంటనే మొహం తిప్పేసుకున్నాడు, నేను తోలడం నచ్చలేదు కాబోలనుకుని నేను లోలోపల బాధపడుతూనే వచ్చాను.

"ఏమిటి ఆగిపోయావు? అయిపోయిందా?" అంటున్నాడు.

నా పక్కనే కూర్చున్నాడు. ఇంతసేపూ ఎదురుగోడనే చూస్తున్నాడు.